తెడ్డు ఆనిన చోటు

పప్పు అడుగంటుతోంది. క్యాంటీను వంటశాల బయట అరుగు మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్న సత్తెమ్మకు ఆ సంగతి ముందు చెవికి తెలిసింది, తర్వాతే ముక్కుకు. డేగిసా అడుగున పప్పు పట్టుకునే ముందు ఉడుకు చప్పుడు మారుతుంది. కుతకుతలు తగ్గి, ఆగి ఆగి బరువుగా పొంగుతుంది. పదకొండేళ్లుగా ఆ చప్పుడు వింటున్న మనిషికి లేచి చూడాల్సిన పని లేదు.

"కౌసల్యా, తిప్పవే! పప్పు పట్టుకుంటున్నది!"

"తిప్పుతనే ఉన్న అక్కా, అది తిరుగుతలేదు!" లోపలి నుంచి కౌసల్య గొంతు ఏడుపుగా వచ్చింది.

సత్తెమ్మ కత్తిపీట వాల్చి లేచింది. పొడుగాటి మనిషి. నలభై రెండేళ్లకే చెంపలు లోపలికి పోయాయి కానీ భుజాలు మాత్రం ఇప్పటికీ మగవాడి భుజాల్లా ఉంటాయి. మోచేతుల దాకా చిన్నచిన్న కాలిన మచ్చలు. పొయ్యి దగ్గరికి వెళ్లి కౌసల్యను పక్కకు జరిపి తెడ్డు అందుకుంది. తుమ్మ చెక్కతో చేసిన ఆ తెడ్డు నిలబెడితే ఆమె ఎత్తు ఉంటుంది. ఆరువందల మంది తినే పప్పును చేతుల బలంతో తిప్పడం ఎవరి వల్లా కాదు. తెడ్డు పై కొసను ఎడమ రొమ్ము మీద ఆనించి, రెండు చేతులతో నడిమికి పట్టుకుని, ఒళ్లంతా ముందుకు వంచి తోయాలి. అప్పుడు గానీ అడుగున ఉన్నది పైకి రాదు. ఇది ఎవరూ నేర్పలేదు. ఒకసారి అట్లా చేస్తే తిరిగింది కాబట్టి అట్లాగే చేస్తూ వచ్చింది.

అలవాటు కొద్దీ ఇప్పుడూ ఎడమవైపే ఆనించింది. మరుక్షణం పళ్లు బిగించింది. కుట్లు విప్పి ఇంకా రెండు వారాలే అయింది. తెడ్డు కుడివైపుకు మార్చుకుంటే ఒళ్లు తిరగడం లేదు, అడుగు తప్పుతోంది. అయినా తిప్పింది. పప్పు వదిలేదాకా తిప్పింది.

"ఏమ్మా సత్తెమ్మా!"

గుమ్మంలో క్యాంటీను సూపర్‌వైజరు నరసింహమూర్తి నిలబడి ఉన్నాడు. గోదావరి వైపు మనిషి. ఈ పంపుల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు.

"నిన్ను బయట కూర్చుని తరగమన్నానా లేదా? ఆ కాగితం వచ్చేదాకా పొయ్యి దగ్గరికి రావద్దని నెల రోజుల్నుంచీ చెబుతున్నాను కదా."

"కాయిదం తెచ్చిన సారూ. నడుముల ఉన్నది. సిస్టరమ్మ పదింటికి వస్తది."

"అయితే పదింటికి నాకు చూపించు. ఇప్పుడు బయటికి పద."

పప్పు మాడకుండా ఎవరు ఆపారని ఆయన అడగలేదు. సత్తెమ్మ తెడ్డు కౌసల్య చేతిలో పెట్టి, మళ్లీ కత్తిపీట ముందుకు వచ్చి కూర్చుంది. ఒళ్లు మండిపోతోంది. అయినా నడుముకు చెక్కుకున్న కాగితాన్ని చీర మీది నుంచే ఒకసారి తడిమి చూసుకుని, ఇంకో రెండు గంటలే కదా అనుకుంది.

ఈ ఫ్యాక్టరీ కట్టిన నేలలో రెండున్నర ఎకరాలు కర్దనూర్‌లో ఉండే సత్తెమ్మ అత్తగారివి. భూమి పోయిన ఇంటికి ఒక ఉద్యోగం అన్నారు. భర్త పెంటయ్య వెళ్తే, కంట్లో పువ్వు ఉందని పనికిరాడన్నారు. అతని బదులు సత్తెమ్మను క్యాంటీన్లోకి టెంపరరీగా తీసుకున్నారు. ఆ టెంపరరీకి పదకొండేళ్లు నిండాయి. ఈ ఏడు, డెబ్బై నాలుగులో, ఎట్లాగో పైవాళ్లకు దయ కలిగి, క్యాంటీను ఆడవాళ్లు ఎనిమిది మందినీ పర్మినెంటు చేస్తామన్నారు. పేరు పుస్తకానికి ఎక్కుతుంది. ఇంటిల్లిపాదికీ డిస్పెన్సరీలో మందు. ఇంకెవరూ పొమ్మనలేరు. పర్మినెంటు లిస్టు కట్టాక టెంపరరీ అనేదే ఉండదు కాబట్టి, లిస్టులో లేనివాళ్లు ఇంటికి పోవాలి. ఆ లిస్టు ఇవాళ మూడు గంటలకు ఆఫీసుకు వెళ్తుంది.

లిస్టుకు ముందు డాక్టరీ పరీక్ష పెట్టారు. ఈ ఫ్యాక్టరీలో పంపులకూ పరీక్ష ఉంది. నీళ్లు కారితే వెనక్కి పంపి బాగుచేసి మళ్లీ పరీక్షిస్తారు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంత ఓపిక ఉండదు. సిటీ నుంచి వచ్చిన లేడీ డాక్టరు డిస్పెన్సరీలో తెర కట్టించి, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు చొప్పున చూసింది. సత్తెమ్మ దగ్గర ఆమె చెయ్యి ఎడమ రొమ్ము మీద ఆగిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి ఉంది ఇది?"

"ఏందమ్మా?"

"ఈ గడ్డ."

సత్తెమ్మకు అది తెలియనిది కాదు. పని చేసే చేతికి కాయ కాసినట్టు రొమ్ముకూ కాయ కాసిందనుకుంది, అంతే. ఆ మాటే చెప్పబోయింది. డాక్టరమ్మ అప్పటికే రాస్తోంది. ఏం పని చేస్తావని అడగలేదు. కార్డు మీద క్యాంటీను అని ఉంది, అది చాలనుకుంది కాబోలు. సాయంత్రానికి క్యాంటీనంతా తెలిసిపోయింది. సత్తెమ్మకు క్యాన్సరట.

అప్పటి నుంచి ఆమె నీళ్లు తాగే గ్లాసును ఎవరో గూట్లో విడిగా బోర్లించడం మొదలుపెట్టారు. ఒక్క కౌసల్య తప్ప అందరూ ఆమె పక్కన కూర్చుని తినడం మానేశారు. ఇంకో విచిత్రం ఏమిటంటే, పుట్టినప్పటి నుంచీ ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, ఎల్లిగడ్డ అని తప్ప అనని ఆ ఆడవాళ్లు, సత్తెమ్మ వింటుండగా 'గడ్డ' అనడానికి జంకి, మూర్తి సారు లాగా ఉల్లిపాయ, వెల్లుల్లిపాయ అనడం నేర్చుకున్నారు. ఆలుగడ్డకు ఏం చేయాలో తెలియక "అవి" అనేవారు. "అవి జెర ఇటియ్యి" అనేవారు. జాలితోనే అన్నారు పాపం. కానీ ఆ మాట వినబడినప్పుడల్లా సత్తెమ్మకు కత్తిపీట ఎత్తి విసరాలనిపించేది. నా ముంగల నోరారా గడ్డ అనుండ్రి, నేనేం సావలేదు అని ఒకసారి అరిచింది కూడా. దాంతో వాళ్లు ఆ మాట పూర్తిగా మానేశారు.

సిటీలో పెద్ద దవాఖానకు పెంటయ్యే తీసుకెళ్లాడు. బస్సు నంబరు చదవలేడు, కన్ను సరిగా కనబడదు. అయినా ప్రతిసారీ తనే ముందు దిగి చెయ్యి అందించేవాడు. ఆపరేషను గదిలోకి చెప్పులతో రావద్దంటే, ఆమె చెప్పులు విప్పించి చేత్తో పట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడు. పక్కన పెట్టుకోవచ్చు కదా అని ఎవరో అంటే, పోతయేమో అన్నాడు. గడ్డ తీసి పరీక్షకు పంపారు. మూడు వారాలు. ఆ మూడు వారాలూ ఇంట్లో వంట పెంటయ్యదే. కూరలో ఉప్పు వేయడం మరిచి, మరిచానన్న సంగతి కూడా తెలియకుండా తినేవాడు. సత్తెమ్మ కూడా ఏమీ అనకుండా తినేది.

నిన్ననే రిపోర్టు వచ్చింది. కుర్ర డాక్టరు, కళ్లద్దాలు, నిలబడే మాట్లాడాడు.

"క్యాన్సర్ కాదు. కొవ్వు గడ్డ కట్టింది, అంతే. అక్కడ దెబ్బ తగిల్తే గట్ల అయితది."

సత్తెమ్మ రెండు చేతులూ జోడించింది. డాక్టరు మాత్రం తలుపు బయట గోడ వారన కూర్చున్న పెంటయ్య వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంటాయన కొడ్తడా?"

"ఏంది సారూ?"

"భయపడకు. నాకు చెప్పు. కొడ్తడా?"

ఊళ్లో పెంటయ్యను చూసి నవ్వేవాళ్లున్నారు. ఎద్దు మొండికేస్తే కొట్టకుండా దాని చెవిలో ఏదో చెప్పే మనిషి అతను. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆమె మీద చెయ్యెత్తింది లేదు. అట్లాంటి మనిషి పేరు ఈ కుర్రవాడి నోట అట్లా వచ్చేసరికి, క్యాన్సర్ కాదన్న సంతోషం కూడా ఒక్క క్షణం పక్కకుపోయింది.

"తోబ తోబ! ఆయన ఈగను గూడ కొట్టడు సారూ."

డాక్టరు నమ్మలేదు. అందరూ అట్లాగే చెప్తారన్నట్టు తలూపి పెన్ను తీశాడు. అది చూసి సత్తెమ్మ ఆగలేకపోయింది. మూలన ఆనించి ఉన్న డాక్టరు గొడుగు అందుకుని, దాని పిడి ఎడమ రొమ్ము మీద కుట్ల మచ్చ పక్కన పెట్టుకుని, రెండు చేతులతో నడిమికి పట్టుకుని, ముందుకు వంగి గుండ్రంగా తిప్పి చూపించింది.

"గిట్ల సారూ. పొద్దుగాల పప్పు, అన్నం, మాపటికి ఉప్మా. ఆరువందల మందికి. పదకొండేండ్లు. మా ఇంటాయన కాదు సారూ, తెడ్డు."

డాక్టరు పెన్ను మూసి కుర్చీలో కూర్చున్నాడు. రోజుకు ఎన్ని గంటలు, తెడ్డు ఎంత బరువు, ఎవరూ వద్దనలేదా అని అన్నీ అడిగాడు. సత్తెమ్మ అన్నీ చెప్పింది. పదకొండేళ్లలో ఆమె పని గురించి అంత శ్రద్ధగా అడిగిన మనిషి ఆయన ఒక్కడే. చెబుతుంటే కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆయన అంతా ఇంగ్లీషులో రాసి, మడిచి చేతికిచ్చాడు. బస్సులో పెంటయ్య ఏం రాసిండని అడిగితే, మంచిగనే రాసిండు, ఇంత పొడుగు రాసిండు అని చూపించింది.

పది గంటలకు డిస్పెన్సరీ తలుపు తెరిచారు. నర్సు కమలాకుమారి కాగితం విప్పి, పెదవులు కదుపుతూ చదివి, ఒక్కసారిగా సత్తెమ్మ చెయ్యి పట్టుకుంది.

"క్యాన్సర్ కాదమ్మా! స్పష్టంగా రాశారు, లేదని! నేను రోజూ దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను నీ గురించి."

"తెల్వదా సిస్టరమ్మా నాకు. మరి దస్కతు చేయించుండ్రి, జల్దీ. మూడింటికి లిస్టు పోతదట."

కమలాకుమారి ఇంకా చదువుతోంది. కింద దాకా వచ్చి ఆగింది. మళ్లీ పై నుంచి చదివింది. కుర్చీలో కూర్చుని కాగితాన్ని బల్ల మీద పరిచింది.

"డాక్టరుతో ఏం చెప్పావు నువ్వు?"

సత్తెమ్మ చెప్పింది. గొడుగు సంగతి కూడా చెప్పింది. కమలాకుమారి నుదురు కొట్టుకుంది.

"వంటపని వల్ల వచ్చిన గడ్డ, ఛాతీ మీద ఒత్తిడి పడే పని ఇక చేయించరాదు అని రాశాడమ్మా. పర్మినెంటు చేసేది ఆ పనికే కదా. ఇది చూస్తే మన ఫ్యాక్టరీ డాక్టరు గారు ఫిట్ అని ఎట్లా రాస్తారు?"

"రోగం లేదని గూడ రాసిండు గదా?"

"రాశాడు. రోగం లేదు, పనికి మాత్రం వద్దు అని రాశాడు." కమలాకుమారి గొంతు తగ్గించింది. "మీ ఆయన కొట్టాడని ఒక్క మాట అనేస్తే పోయేది కదా. దెబ్బ వల్ల అని రాసి వదిలేసేవాడు. ఈపాటికి నీ కాగితం మీద సంతకం అయిపోయేది."

"కొట్టనోన్ని కొట్టిండని ఎట్ల చెప్పాలె సిస్టరమ్మా?" అంది సత్తెమ్మ. "బయట కూసోని ఉండె ఆయన."

కమలాకుమారి మళ్లీ కాగితం వైపు తిరిగింది. ఇంకుతో రాసిన అక్షరాలను అట్లా చూస్తూ కూర్చుంది.

నరసింహమూర్తి కాగితాన్ని రెండుసార్లు చదివి, బల్ల అంచుకు సరిగ్గా సర్దిపెట్టాడు.

"నా చేతుల్లో ఏముందమ్మా? ఇది పెద్ద హాస్పిటల్ డాక్టరు రాసింది."

"రోగమున్నదని నెల దినాలు పొయ్యికాడికి రానియ్యలే. ఇప్పుడు లేదని రాసిచ్చినా రానియ్యరా సారూ? మరి నేనెప్పుడు రావాలె?"

"ఉన్నా లేకపోయినా రూలు రూలే కదా."

"ఉల్లిగడ్డలు కోస్త సారూ. గిన్నెలు కడుగుత. ఆ పని తెడ్డుతోని చెయ్యరు గదా."

"అందరివీ ఒకటే పోస్టమ్మా. వంట సహాయకురాలు. తరిగేవాళ్లకు వేరే, తిప్పేవాళ్లకు వేరే అని లేదు. పోనీ ఆ డాక్టరు దగ్గరికే వెళ్లి ఇంకో కాగితం రాయించుకురా."

"ఆయన మంగళారం మంగళారం ఉంటడు. నిన్న మంగళారం."

నరసింహమూర్తి గోడ గడియారం వైపు చూశాడు. పదకొండున్నర. ఆయనకూ బాధగానే ఉంది, అది మొహంలో తెలుస్తూనే ఉంది. ఆ బాధతో సత్తెమ్మకు ఒరిగేది మాత్రం ఏమీ లేదు.

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అది కూడా ఎవరి మీదో తేల్చుకోలేని కోపం. గడ్డ ఉందన్న డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. కాదన్న డాక్టరు అబద్ధం చెప్పలేదు. తనూ చెప్పలేదు. ఇంతమంది నిజమే చెప్పి, అందరూ కలిసి ఆమెను వీధిలో నిలబెట్టారు. కాసేపు స్టోరు గది మెట్టు మీద కూర్చుంది. తర్వాత లేచి, బియ్యం సంచులు కుట్టే దబ్బనం, సన్న పురికొస అడిగి తీసుకుంది. తన సంచిలో నుంచి పాత ఆకుపచ్చ చీర ముక్క తీసింది. కుట్లు విప్పిన చోట ఒరుసుకోకుండా జాకెట్టు లోపల పెట్టుకోవడానికి తెచ్చుకున్న గుడ్డ అది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, లోపల గుడ్డ పేలికలు కూరి, చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టింది. పిడికిలంత దిండు తయారైంది. దాన్ని తెడ్డు పై కొస మీద పెట్టి పురికొసతో బిగించి కట్టింది.

"ఏం చేస్తున్నవక్కా?" అంది కౌసల్య.

"పదకొండేండ్ల కింద చెయ్యాల్సిన పని."

రెండింటికి రెండో షిఫ్టువాళ్ల ఉప్మా ఎక్కింది. సత్తెమ్మ కౌసల్యను నరసింహమూర్తి కోసం పంపి, ఆయన వచ్చేదాకా ఆగి, దిండు ఎడమవైపు ఆనించుకుని తిప్పడం మొదలుపెట్టింది. మచ్చ పక్కన కొంచెం సలిపింది, అంతే. రవ్వ ఉండ కట్టలేదు, అడుగంటలేదు. ఒళ్లు ఎప్పటిలా ముందుకూ వెనక్కూ ఊగింది. పొయ్యి సెగకు మొహం ఎర్రబడింది. తిప్పుతూనే మూర్తి సారు మొహం చూస్తోంది. ఆయన ఉప్మా వైపు చూడలేదు, తెడ్డు ఆనిన చోటే చూశాడు. పదకొండేళ్లు ఈ వంటశాలలో తిరిగిన మనిషి, తెడ్డు ఎక్కడ ఆనుతుందో అప్పుడే చూశాడు.

"నొస్తలేదు సారూ. సూడుండ్రి. ఇంకో పదకొండేండ్లు తిప్పుత."

"బాగుందమ్మా," అన్నాడు నరసింహమూర్తి. నిజంగానే అన్నాడు. "చాలా తెలివిగా కట్టావు. కానీ ఇది ఆ డాక్టరు చూడలేదు కదా."

ఆయన వెళ్లిపోయాడు. ఉప్మా దించి, సత్తెమ్మ ఆయన గది ముందుకు వెళ్లి నిలబడింది. తెరిచిన తలుపులోంచి బల్ల కనబడుతోంది. టైపు కొట్టిన ఎనిమిది పేర్లు. ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. ఐదోదైన సత్తెమ్మ పేరుకు స్కేలు ఆనించి, గీత వంకర పోకుండా జాగ్రత్తగా కొట్టేశాడు. కౌసల్య పేరు ఏడోది. దాని జోలికి పోలేదు. తర్వాత అటెండరును పిలిచి లిస్టు ఇచ్చి, తల దించుకుని వేరే కాగితాలు తిరగేయసాగాడు.

సత్తెమ్మ వంటశాలలోకి వచ్చి కాళ్లూ చేతులూ కడుక్కుంది. అందరూ పని ఆపి నిలబడ్డారు. ఒకామె గ్లాసుతో నీళ్లిచ్చింది. అందరూ తాగే గ్లాసే. సత్తెమ్మ తాగి తిరిగిచ్చింది.

"అక్కా, నేను సారును మల్ల అడుగుత," అంది కౌసల్య. కళ్ల నిండా నీళ్లు.

"ఏమద్దు. నీ పేరున్నది, నోరు మూసుకోని ఉండు. ఉప్మా సల్లారక ముందే కడగుండ్రి ఆ డేగిసా, మల్ల వదలదు."

గేటు దగ్గర పెంటయ్య మధ్యాహ్నం నుంచీ కూర్చుని ఉన్నాడు. పర్మినెంటు అయినవాళ్లకు ఇవాళ మిఠాయి పంచుతారని ఎవరో చెప్పారట. ఆమె వస్తుంటే నడకను బట్టి పోల్చుకుని లేచాడు.

"అయిందా?"

"కాలే. రేపటి సంది రావద్దన్నరు."

"ఎందుకు? మంచిగైందని రాసిచ్చిన్రు గదా?"

"మంచిగైందనే తీసిన్రు."

పెంటయ్యకు అర్థం కాలేదు. ఆమె మొహం కేసి మంచి కన్నుతో చూశాడు. "డాక్టరు ఏం రాసిండు మరి?"

సత్తెమ్మ ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఇక ఎప్పటికీ చెప్పదు కూడా. భుజం మీది సంచి అతని చేతికిచ్చి, "నడువు, బండ్లొస్తున్నయి, పక్కకు నడువు" అని అతన్ని రోడ్డు వారకు జరిపింది. ఇద్దరూ కర్దనూర్ దారి పట్టారు. అతను రెండడుగులు వెనక నడుస్తూ, పోనియ్యి, పానం దక్కింది, అదే పదివేలు, అని చాలాసేపు అంటూనే ఉన్నాడు. ఆమె ఊ కొట్టింది.

సాయంత్రం ఐదింటికి నరసింహమూర్తి వంటశాలలోకి వచ్చాడు. రేపు ఆఫీసర్లు క్యాంటీను చూడ్డానికి వస్తారు, అన్నీ శుభ్రంగా ఉండాలి, ఆ తెడ్డుకు కట్టిన గుడ్డ తీసేయండి అని చెప్పి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయాడు. కౌసల్య కత్తిపీట మీద పురికొస తెంపింది. దిండును పారేయడానికి చెయ్యి రాలేదు, కిటికీ గూట్లో పెట్టింది. పొయ్యి మీద మరునాటి శనగలు ఉడుకుతున్నాయి. ఆమె తెడ్డు అందుకుని, ఒట్టి కొసను తన ఎడమ రొమ్ము మీద ఆనించుకుని, ముందుకు వంగింది.

కిటికీ గూట్లో, సంచి కుట్టు కుట్టిన పిడికిలంత ఆకుపచ్చ దిండు, ఒక్క గంట పనికే నడుమ చిన్న గుంట పడి ఉంది.